ఎండబెట్టుకోవడానికి లెన్సులేమైనా వడియాలా?

పొద్దున్నే మళ్లీ అదే మెసేజ్. ఈసారి పంపింది మా బావమరిది, వాడి దగ్గర అసలు కెమెరానే లేదు. "థర్డ్ పార్టీ వైడ్ జూమ్ కొనేవారికి హెచ్చరిక" అని ఎర్ర గుర్తులతో మొదలవుతుంది. థర్డ్ పార్టీ అంటే కెమెరా కంపెనీ కాకుండా వేరేవాళ్లు చేసిన లెన్స్, వైడ్ జూమ్ అంటే వెడల్పు దృశ్యాన్ని పట్టేది. చదవని అదృష్టవంతుల కోసం సారాంశం: ఆ లెన్సులు కెమెరా లోపలి సర్క్యూట్ బోర్డుని కాల్చేస్తాయి, నాసిరకం గాజు కాబట్టి మొహాలు సాగిపోతాయి, ఫంగస్ వాటికే పడుతుంది, పడితే మిట్టమధ్యాహ్నం ఎండలో మూడు రోజులు పెట్టాలి, అమ్మితే డబ్బులు రావు, కొనేముందు టెస్ట్ చేసుకోవాలి.

నేను అమలాపురం చుట్టుపక్కల పెళ్లిళ్లు తీస్తాను. నాదీ అలాంటి లెన్సే, టోకినా కంపెనీ 11-16 మిల్లీమీటర్లు (అంకె తగ్గేకొద్దీ వెడల్పు ఎక్కువ), ఎఫ్2.8 (లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచినప్పటి కొలత), సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కనుమ రోజు జగ్గన్నతోట తీర్థంలో ప్రభ (భుజాల మీద మోసే, అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడం) కింద నిలబడి, మోసేవాళ్ల భుజాల నుంచి పైన గుచ్చిన నెమలి ఈకల దాకా ఒక్క ఫ్రేమ్‌లో పట్టించింది ఇదే. ఆ తోపులాటలో వెనక్కి జరిగే చోటు ఉండదని వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు.

బోర్డు సంగతి. పాత సిగ్మా లెన్సులు కొన్ని ఆ తర్వాత వచ్చిన కానన్ డిజిటల్ బాడీల (కెమెరాల) మీద పెడితే ఎర్రర్ చూపించిన మాట నిజమే. ఎర్రర్ వచ్చింది, పొగ రాలేదు. నా టోకినాలోనే నికాన్ మౌంట్ (నికాన్ కెమెరాకి బిగేది) మొదటి వెర్షన్‌కి లోపల మోటార్ లేదు, డి5200 లాంటి బాడీ మీద ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. 2012లో వచ్చిన రెండో వెర్షన్‌లో మోటార్ పెట్టారు. సెకండ్ హ్యాండ్‌లో కొనే తమ్ముళ్లు ఏ వెర్షనో అడిగి కొనండి, మెసేజ్‌లో రాయాల్సింది ఇలాంటివి. ఇక కెమెరా కంపెనీ సొంత లెన్స్ అంటే దేవుడి ప్రసాదం అనుకునేవాళ్లు ఒకటి చూడండి. టామ్రాన్ 2019లో సోనీకి 17-28 ఎఫ్2.8 తెచ్చింది, 2022లో నికాన్ తన సొంత పేరుతో 17-28 ఎఫ్2.8 తెచ్చింది. రెండింట్లోనూ 11 గ్రూపుల్లో 13 గాజు బిళ్లలు, రెండింటికీ 67 మిల్లీమీటర్ల ఫిల్టరే. ఒకే లెన్స్‌కి రెండు పేర్లేమో, ఆపైన మీ ఇష్టం.

మొహాలు సాగడం గాజు నాణ్యత వల్ల కాదు మహాప్రభో. అంత వెడల్పు దృశ్యాన్ని గీతలు వంగకుండా పరిచే ఏ లెన్సైనా అంచుల్లో మనుషుల్ని సాగదీస్తుంది, లక్షన్నర పెట్టినా అంతే. 11 దగ్గర పెట్టి అంచున మేనత్తని నిలబెడితే ఆవిడ కెమెరాని తిట్టదు, నిన్నే తిడుతుంది. రెండడుగులు వెనక్కెళ్లి 16కి తిప్పు.

ఇక ఫంగస్. మిగతావి చదివి నవ్వుకోవచ్చు గానీ దీనివల్ల నిజంగా లెన్సులు పోతున్నాయి. మా ఊళ్లో ఒక తమ్ముడు ఈ మెసేజ్ నమ్మి మే నెల ఎండలో డాబా మీద లెన్స్ పెట్టాడు, వాళ్లమ్మగారు వడియాలు పెట్టిన చీర పక్కనే. మూడో రోజు వడియాలు ఎండాయి. లెన్స్ లోపలి గ్రీజు కరిగి అపెర్చర్ బ్లేళ్ల (వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెద్దది, చిన్నది చేసే రేకులు) మీదికి పాకింది. ఇప్పుడు రంధ్రం చిన్నదవ్వాలని ఎఫ్8 పెట్టినా బ్లేళ్లు జిడ్డుగా అతుక్కుని కదలవు, ఆరుబయట తీసిన ప్రతి ఫోటో సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తోంది. టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి ఆ ఫంగస్ దారాలు ఎక్కడివక్కడే! చచ్చినా సరే ఆ గీతలు పోవు, అది గాజు మీది కోటింగ్‌ని తినేసి ఉంటుంది.

ఫంగస్ లెన్స్ మీద పేరు చదివి రాదు. తేమ, చీకటి, గాలి ఆడకపోవడం, కాస్త వేలిముద్రల జిడ్డు, ఇవి చాలు. శ్రావణంలో బీరువా తీస్తే పట్టుచీరలే ముక్క వాసన కొట్టే కోనసీమలో, లెన్స్‌ని తోలు సంచిలో చుట్టి అటక మీద పెట్టి, ఫంగస్ పట్టింది లోకల్ సరుకు అంటే ఎలా అండి? నా దగ్గర మొదట పట్టింది కెమెరాతో వచ్చిన కంపెనీ కిట్ లెన్స్‌కే, అదే సంచిలో ఉన్న టోకినా శుభ్రంగా ఉంది. అలాగని టోకినాకి ఫంగస్ పట్టదని నేనో మెసేజ్ తయారుచేసి మీ మీదికి వదల్లేదు కదా.

రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్, చిన్న తేమ మీటరు ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి, మరీ ఎండగట్టినా గ్రీజుకి మంచిది కాదు. నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు, కానీ అందులో విషపు కోబాల్ట్ ఉంటుంది కాబట్టి కూర వండే మూకుడు ముట్టుకోకండి. ముసురు పట్టిన రోజుల్లో కూడా వారానికోసారి తీసి నాలుగు ఫోటోలు కొట్టండి. బియ్యం డబ్బాలో దాచే పెద్దమనుషులకు వేరే దండం.

అమ్మితే డబ్బులు రావా? నాకు అమ్మే ఉద్దేశం లేదు.

విచిత్రం ఏంటంటే, ఇంత హెచ్చరిక రాసిన మహానుభావుడికి ఈ లెన్స్ అసలు లోపం తెలియనే లేదు. అంతర్వేదిలో సాయంత్రం సూర్యుడికి ఎదురుగా పెట్టానంటే ఫ్రేమ్ నిండా ఆకుపచ్చ, ఊదా చుక్కలు. చేయి అడ్డం పెట్టి, పక్కకి జరిగి, చివరికి కొబ్బరి చెట్టు వెనక సూర్యుణ్ని దాచి తీసుకుంటాను. ఆ విషయంలో కంపెనీ లెన్స్ నయం, ఒప్పుకుంటున్నాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. టెస్ట్ చేసి కొనమన్న చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం, నేనే వినలేదు. నేను మొదట కొన్న టోకినాతో, గోడకి న్యూస్‌పేపర్ అంటించి, ఎఫ్2.8లో ఫోటో తీసి, రెండు మూలలూ పోల్చి చూసుంటే పది నిమిషాల్లో తెలిసేది, లోపల ఒక గాజు పక్కకి ఒరిగి ఎడమవైపంతా మసక వస్తోందని. చూసుకోకుండా నేరుగా పెళ్లికి పట్టుకెళ్లాను. గ్రూప్ ఫోటోలో ఎడమవైపు నిలబడింది పెళ్లికొడుకు తరఫు వాళ్లు. ఆల్బం చేరిన మర్నాడు వాళ్ల బాబాయిగారు ఫోన్ చేసి, "మా వాళ్లని కావాలనే మసగ్గా తీశారా అండి? ఆడపెళ్లివారు ఏమైనా చెప్పారా?" అని చాలా మర్యాదగా అడిగారు. ఆ లెన్స్ మార్చుకునేదాకా ప్రతి గ్రూప్ ఫోటోలోనూ ఎడమ పక్కన మండపం అరటిచెట్టునే నిలబెట్టాను.