ముందు మెడికల్, తర్వాతే బ్యాంకు లోన్

క్యాడెట్ పైలట్ ప్రోగ్రాంలో (ఎయిర్‌లైన్ తానే ఎంపిక చేసి పైలట్ శిక్షణ ఇప్పించే కోర్సు) సీటొస్తే ఉద్యోగం వచ్చినట్టేనని ఒక వ్యాసంలో చదివాను. అంత ధీమా వద్దండీ. ఎయిర్‌లైన్ ఇచ్చేది షరతులతో కూడిన ఆఫర్. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో 70 శాతం రావాలి, 200 గంటల ఫ్లయింగ్ పూర్తవ్వాలి, ఆపైన టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత).

మా తమ్ముడి కూతురు ఈమధ్యే సెలక్షన్‌కు వెళ్లొచ్చింది. విజయవాడలో ఎంపీసీ చదివిన పిల్ల, లెక్కలకు భయం లేదు. జాయ్‌స్టిక్‌తో తెరమీద చుక్కను మధ్యలో నిలబెడుతూ, హెడ్‌ఫోన్‌లో వినపడే అంకెలకు జవాబివ్వాలట. అదీ దాటింది. టెన్షనంతా ఇంటర్వ్యూలోనే. ‘పైలట్ ఎందుకవుతావు’ అంటే బట్టీ జవాబు అప్పజెప్పింది. వెంటనే, ‘మీ గన్నవరం రన్‌వే నంబర్లేమిటి?’ 08, 26 అని చెప్పగలిగింది. ఎందుకలా అంటే, దిక్సూచిలో సుమారు 80 డిగ్రీల వైపు కాబట్టి 08, ఎదురు దిశ 260 డిగ్రీలు కాబట్టి 26 అంది. అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముఖాలు విప్పారాయట! (మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ‘ఎందుకు’ అని ఎవరడగనిస్తారు?)

చాలా ప్రోగ్రాంలకు ఖర్చు కోటి దాటుతుంది. పొలం తాకట్టు పెట్టే ముందు పిల్లలకు క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్ (పైలట్లకు తప్పనిసరైన వైద్య పరీక్షలు) చేయించండి. కళ్లజోడున్నా ఫర్వాలేదు, చూపు నిర్ణీత ప్రమాణానికి సరిదిద్దగలిగితే చాలు. రంగులు గుర్తించలేకపోతే మాత్రం కష్టం.