కట్నం పెళ్లిలో కళ్లు మూసుకునే చట్టం

ఇద్దరు మేజర్లు ఒకే ఇంట్లో కలిసి బతకాలంటే సర్కారుకు చెప్పుకోవాలట. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి అమల్లో ఉన్న ఉమ్మడి పౌరస్మృతి ప్రకారం, సహజీవనం మొదలైన నెలలోగా నమోదు చేసుకోనివారికి 3 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా. ఆ వివరాలు పోలీస్ స్టేషన్‌కు చేరతాయి. ఇద్దరిలో ఎవరికైనా 21 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రులకూ కబురు వెళ్తుంది. 18 ఏళ్లకు ప్రభుత్వాన్ని ఎన్నుకోవచ్చు, తోడును ఎన్నుకుంటే మాత్రం ఇంటికి ఫిర్యాదు! ఇలాంటి స్మృతి కోసమే గుజరాత్ కూడా 2025 ఫిబ్రవరిలో కమిటీ వేసింది.

ఇదంతా ఆడపిల్లల రక్షణకేనని పాలకులు అంటున్నారు. వదిలేసిన స్త్రీ మనోవర్తి కోరే హక్కును ఈ చట్టం ఇచ్చిన మాట నిజమే. దానికి పోలీసుల దస్త్రం ఎందుకు? పెళ్లి లాంటి బంధంలో ఉన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం ఏ రిజిస్ట్రేషనూ అడగకుండానే రక్షణ కల్పిస్తోంది.

రక్షణ మీద అంత తపనే ఉంటే, కట్నం దగ్గర అది ఏమైపోయింది? ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది. 1961లో కేంద్రం చేసింది. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు అని రాసి ఉంది. పెళ్లిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేసి ఉంచాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. ఏ ఫంక్షన్ హాలులో ఏ అధికారి ఆ జాబితా అడిగాడు? లాంఛనాల పేరిట కార్లు, ప్లాట్లు చేతులు మారుతుంటే అదే వేదిక మీద ప్రజాప్రతినిధులు అక్షింతలు వేసి ఫొటోలు దిగుతారు. దేశంలో ఏటా 6 వేల మందికి పైగా వరకట్న చావులకు బలవుతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అయినా కట్నం మర్యాద, సహజీవనం నేరం!

ఈ రెండు నాల్కలు కొత్తవి కావు. పెద్దలు కుదిర్చిన హిందూ వివాహానికి ముందస్తు నోటీసు అక్కర్లేదు. కులమతాలు దాటి 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఒక్కటయ్యేవారి వివరాలు మాత్రం రిజిస్ట్రార్ కార్యాలయం గోడకెక్కుతాయి. అభ్యంతరాలు చెప్పడానికి లోకానికి 30 రోజుల గడువు. ఆ నోటీసు ఎవరి కంట పడుతుందో తెలియనిది కాదు. 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే దళిత యువకుణ్ని నరికి చంపారు. చంపించింది ఆమె కన్నతండ్రేనని పోలీసులు అభియోగం మోపారు. ఇంట్లోవారికి చెబితే ఆడపిల్లకు రక్షణ అనేవారు ఆ కేసు తీర్పు చదవాలి.

మేజర్ల పెళ్లిలో కుటుంబాలకు, కులపంచాయతీలకు అడ్డుపడే హక్కు లేదని 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పంచాయతీ చేయకూడని పనిని శాసనసభ చేస్తే సరిపోతుందా? పడకగది తలుపు తట్టాలని అంత ఉబలాటపడుతున్న ప్రభుత్వాలు ముందు 1985 నిబంధనల దుమ్ము దులపాలి. వచ్చే ముహూర్తాల్లో ప్రతి కల్యాణ మంటపంలో కానుకల జాబితా అడగాలి. మంత్రుల ఇళ్ల పెళ్లిళ్లతోనే మొదలుపెట్టాలి.