సవరణ: స్కాట్లాండ్ వెళ్లే వాలంటీర్లకు వీసా, వీల్‌చైర్ సంగతులు

స్కాట్లాండ్‌లోని క్యాంప్‌హిల్ (దివ్యాంగులు, వాలంటీర్లు కలిసి బతికే సముదాయాలు) లాంటి చోట్ల దివ్యాంగులతో ఏడాదిపాటు ఉండి సేవ చేయాలనుకునేవారి కోసం రాసిన గత పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. మన్నించండి.

విజిటర్ వీసా సరిపోతుందన్నాం. సరిపోదు. దాని మీద రిజిస్టరైన చారిటీలో 30 రోజులకు మించి సేవ చేయకూడదు. ఏడాది ఉండాలంటే చారిటీ వర్కర్ వీసా తీసుకోవాలి. దానికి ముందు ఆ సంస్థ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. ఫుట్‌పాత్ గట్టు మీంచి వీల్‌చైర్‌ని ముందువైపుగా దించమని రాశాం. అలా చేస్తే చిన్న చక్రాలు ధబీమని పడి, కూర్చున్న మనిషి ముందుకు తూలిపోతారు. కుర్చీని వెనక్కి తిప్పండి. వెనక బండ్లు రావట్లేదని చూసుకుని, ముందు మీరు దిగండి. పెద్ద చక్రాలు రెండూ ఒకేసారి గట్టు అంచుకు ఆనుకుంటూ మెల్లగా దిగాలి. ముందు చక్రాలను కాస్త పైకే ఉంచి వెనక్కి లాగుతూ, కూర్చున్నవారి పాదాలు గట్టు దాటాకే ఆ చక్రాలను కింద పెట్టండి. ఏటవాలు ర్యాంప్ మీదా వెనక్కే దిగాలి. ఎవరైనా సాయం పట్టినా కాళ్లు పెట్టుకునే పలకల్ని పట్టుకోనివ్వకండి, చాలా కుర్చీల్లో అవి ఊడొస్తాయి.

వీటన్నిటికీ ముందు, "ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాను" అని కూర్చున్నవారికి చెప్పి, వాళ్లు సరేనన్నాకే చెయ్యి వేయండి.