కాలువ గాలం కడలికి చాలుతుందా?

కోనసీమ కాలువ గట్ల మీద చిన్ననాటి నుండి గాలం వేస్తూ పెరిగిన ఒక యువకుడు ఉద్యోగరీత్యా విశాఖపట్నం చేరాడు. తన ఏడడుగుల రాడ్డు పట్టుకుని, వచ్చే ఆదివారం సముద్రపు ఒడ్డున చేపలు పడతానని ఇంట్లో చెప్పాడు. మంచినీటిలో చేయి తిరిగినవాడికి కడలి ఒడ్డున మళ్లీ ఓనమాలు దిద్దవలసిన అవసరం ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. అవసరం లేదన్నది అతని తండ్రి పక్షం. భీమునిపట్నంలో చాలా ఏళ్లుగా ఒడ్డున నిలబడి గాలం వేస్తున్న మేనమామది ఎదుటి పక్షం.

తండ్రి: బావగారూ, గాలం వేయడమంటే ముందుగా నీటిని చదవడం. మా వాడు ఆ చదువు ఎప్పుడో పూర్తి చేశాడు. లాకు తలుపులు ఎత్తగానే కాలువ వడి ఎలా మారుతుందో, ఆ వడి తప్పించుకోవడానికి రాగండి ఏ మలుపులోకి చేరుతుందో, వంతెన స్తంభం వెనుక తిరిగే సుడిలో పైపైన మేసే బొచ్చె ఎప్పుడు కనబడుతుందో వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్లు ఉప్పనైనంత మాత్రాన చేప ఆకలి మారదు. ఎక్కువ శ్రమ పడకుండా మేత దొరికే చోటే చేప ఉంటుంది. ఆ చోటును వెతికే కన్ను ఉన్నవాణ్ణి పసివాడిలా చూడడం న్యాయం కాదు.

మేనమామ: ఆ కన్ను మీదే నా భయం, బావగారూ. కాలువలో పెరిగిన కన్ను సముద్రపు ఒడ్డుకు రాగానే ఏం చేస్తుంది? అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే, వాటి మధ్య ముదురు రంగులో, నురుగు లేకుండా, నెమ్మదిగా కనబడే నీటి దారిని ఎంచుకుంటుంది. ఇదే లోతైన మడుగు, ఇక్కడే దిగి నిలబడాలి అనుకుంటుంది. ఒడ్డుకు వచ్చి పడిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. రిప్ కరెంట్ అనేది దాన్నే. ఈతలో ఆరితేరినవాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు. మన తీరంలో ఏటా ప్రాణాలు పోగొట్టుకుంటున్న వారిలో ఎందరో ఆ నెమ్మదిని నమ్మి దిగినవారే. కాలువలో నిలకడ నీరు క్షేమానికి గుర్తు. ఇక్కడ దాని అర్థం తలకిందులవుతుంది.

తండ్రి: ఆ దారిలో చేప ఉండదంటారా?

మేనమామ: ఉంటుంది. అక్కడే వాదన చిక్కుపడుతుంది. కెరటాలు ఇసుకను తవ్వి లేపిన పురుగులూ, చిన్న పీతలూ, గవ్వల మాంసమూ ఆ దారి వెంటే కొట్టుకుపోతాయి కనుక, పార, గొరక చేపలు దాని అంచుల్లో మాటు వేస్తాయి. మీ వాడి కన్ను చేపను సరిగానే పట్టుకుంటుంది, కానీ తాను ఎక్కడ నిలబడాలన్న విషయంలో మోసపోతుంది. పొడి ఇసుక మీద పక్కకు నిలబడి ఆ అంచులోకి ఎర విసరాలి తప్ప, మోకాళ్ల లోతు దాటి అటు దిగకూడదు. ఒకవేళ పట్టుబడితే ఒడ్డు వైపు ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడు నుండి బయటపడి, ఆ తరువాత కెరటాలతో పాటు వెనక్కి రావాలి. ఈ ఒక్క సంగతి వాడికి ఒంటబట్టే వరకు ఒంటరిగా పంపవద్దన్నది నా వాదన.

తండ్రి: ఒంటరిగా పంపవద్దంటే ఒప్పుకుంటాను. అయితే మీ వాదన అక్కడితో ఆగదని నాకు తెలుసు. పన్నెండడుగుల రాడ్డు కొనాలి, పెద్ద రీలు కొనాలి, దారం మార్చాలి అంటారు. మొదటి జీతం చేతికి రాకముందే పిల్లవాణ్ణి దుకాణానికి అప్పగించడం నాకు నచ్చదు. పోటు మీద చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుందని మీరే ఎన్నోసార్లు చెప్పారు. అంత దూరం విసరవలసిన పని ఏమిటి?

మేనమామ: ఆ మాటలో నిజం ఉంది. కొత్తవారు చేసే మొదటి తప్పు దూరం మీద మోజు పడడమే. మొదటి కెరటం విరిగే చోటుకూ ఒడ్డుకూ మధ్య ఇసుకలో ఒక పల్లం ఉంటుంది. పోటు ఎక్కుతున్నప్పుడు, ముఖ్యంగా తెల్లవారుజామునా సందెవేళా చేప ఆ పల్లంలోకే వస్తుంది. దాని తల మీదుగా వంద గజాల అవతలికి విసిరి, సాయంత్రం దాకా ఖాళీ ముల్లు లాక్కునేవారిని నేను చూస్తూనే ఉంటాను. ముప్పై గ్రాముల సీసపు గుండుతో, ఏడడుగుల రాడ్డుతో, ప్రశాంతమైన రోజున ఆ పల్లంలో వేట సాధ్యమే.

అయితే రోజులన్నీ ప్రశాంతంగా ఉండవు కదా. తీరం వెంబడి పక్కకు లాగే ప్రవాహం ఉన్నప్పుడు ముప్పై గ్రాముల గుండు క్షణం నిలవదు. తేలే బెండు అయితే విసిరినంతసేపట్లోనే కాళ్ల దగ్గరకు వచ్చి పడుతుంది. అప్పుడు మీ వాడు ఏం చేస్తాడు? అదే సన్న తంగూసు దారానికి నాలుగు ఔన్సుల సీసం, అంటే సుమారు 113 గ్రాములు కట్టి బలంగా విసురుతాడు. విసురు మధ్యలో దారం తెగిందంటే ఆ గుండు తూటాలా పోతుంది, ఎదురుగా ఎవరున్నారో దానికి తెలియదు. అందుకే ప్రతి ఔన్సు సీసానికి పది పౌండ్ల బలం చొప్పున లెక్కవేసి, ఆ విసురును ఓర్చుకునే మందపాటి దారాన్ని ముందు భాగాన ముడివేస్తారు. నాలుగు ఔన్సులకు నలభై పౌండ్ల దారం కావాలి. అది రాడ్డు పొడవుకు రెండింతలకు పైగా ఉండి, రీలు మీద కొన్ని చుట్లు పడాలి. దుకాణం ఖర్చు అంటే మొదట ఆ కాస్త దారమే, పెద్ద రాడ్డు తరువాతి మాట. ఇంటికి వెళ్లాక రీలునూ రాడ్డునూ మంచినీటితో కడగడం కూడా వాడికి కొత్త అలవాటే. ఉప్పు ఊరుకోదు.

తండ్రి: దారం కొందాం, అంతవరకు మీదే గెలుపు. ఎర మాటేమిటి? వానపాములు డబ్బా నిండా సిద్ధం చేసుకున్నాడు.

మేనమామ: ఉప్పునీటిలో వానపాము ఎంతో సేపు బతకదు, మెత్తబడి ముల్లు నుండి జారిపోతుంది. తవుడు ముద్దనైతే మొదటి కెరటమే తీసుకుపోతుంది. పచ్చి రొయ్యనో, కవ్వల చేప ముక్కనో ముల్లుకు గుచ్చి, సాగే సన్న దారంతో చుట్టమనండి. లేకపోతే చేప కన్నా ముందు పీతలు తినేస్తాయి.

తండ్రి: ఇక నీరు ఎక్కే పోటు, దిగే పాటుల గురించి మీరు నాకు చెప్పవద్దు. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నేను రాత్రులు గడిపాను. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దదనీ, అష్టమికి చిన్నదనీ, ఈ రోజు తెల్లవారుజామున అయిదింటికి నిండు పోటైతే రేపు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుందనీ మా వాడికి నేనే నేర్పాను. అదీగాక, మన తీరంలో పెద్ద పోటుకు కూడా తేడా ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూనే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో లాగా పది మీటర్లు లేస్తే భయపడాలి గాని!

మేనమామ: ఆ లెక్క బల్లపరుపు ఇసుక మీద నిలబడ్డవాడికి సరిపోతుంది. రాళ్ల మీదకు ఎక్కినవాడి సంగతి వేరు. రాళ్ల గుంపు చివరి దాకా పొడి కాళ్లతో నడిచి వెళ్లినవాడికి, వెనుక ఉన్న పల్లం ముందు నిండుతుందన్న ఊహ ఉండదు. మీటరు నీరు చాలు, తిరుగు దారి మూసుకుపోతుంది. పోటు కన్నా నేను ఎక్కువగా భయపడేది ఎక్కడో దూరాన రేగిన తుపాను పంపే పొడవాటి అలలకు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, చాలాసేపు చిన్న కెరటాలే వస్తాయి, ఆ తరువాత నాలుగైదు పెద్దవి వరుసగా వచ్చి రాతి మీద ఉన్నవాణ్ణి తుడుచుకుపోతాయి. కాలువలో అలాంటిది లేదు. అందుకే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడకుండా బయలుదేరవద్దంటాను. చూసి వచ్చినా, గాలం విప్పకముందు ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి కెరటాలను గమనించమంటాను. సముద్రానికి వీపు తిప్పి ఎర గుచ్చుకోవద్దంటాను.

తండ్రి: చేప తగిలాక లాగే నేర్పు అయినా వాడిదేనని ఒప్పుకోండి.

మేనమామ: సగం ఒప్పుకుంటాను. కాలువలో బెండు మునగడం కోసం చూసే ఓపిక ఇక్కడ రాడ్డు కొనను చూడడానికి పనికొస్తుంది. కానీ కెరటం ప్రతిసారీ కొనను ఊపుతుంది. ఆ ఊపుకు లయ ఉంటుంది, చేప కొట్టినప్పుడు ఆ లయ తప్పుతుంది. ఒక్కోసారి చేప ఎర నోట పెట్టుకుని ఒడ్డు వైపే వస్తుంది, అప్పుడు దారం బిగుసుకోవడానికి బదులు వదులవుతుంది. చివర్లో చేపను కెరటం మీదకు ఎక్కించి, ఆ కెరటంతో పాటే వెనక్కి నడుస్తూ ఇసుక మీదకు చేర్చాలి. వెనక్కి పోయే నీటికి ఎదురు లాగితే తంగూసు తెగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కాలువలో జెల్లను పట్టుకున్న ధైర్యంతో సముద్రపు జెల్లను పట్టుకోకూడదు. దాని వీపు ముల్లూ పక్క ముళ్లూ, టేకు చేప తోక ముల్లూ విషంతో కూడినవి. గుచ్చుకుంటే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంటకు పైగా ఉంచి, ఆసుపత్రికి వెళ్లాలి. కడుపు బంతిలా ఉబ్బించే పఫర్ చేపను ఇంటికి తేనే తేవద్దు. దాని విషం ఎంత ఉడికించినా పోదు.

తండ్రి: సరే బావగారూ, అయితే మధ్యేమార్గం నేనే చెబుతాను. తెరిచి ఉన్న తీరం వద్దు. మీ ఊళ్లోనే గోస్తనీ నది కడలిలో కలుస్తున్నది కదా, ఆ మొగ దగ్గర మొదలుపెట్టమందాం. అటు ఏరూ ఇటు సముద్రమూ. ఉప్పునీటిలో పుట్టి ఏటిలోకి ఎక్కే పండుగప్పకు ఇష్టమైన చోటు అదే. మా వాడి నేర్పు నూటికి నూరుపాళ్లు పనికొచ్చే చోటు కూడా అదే. అయితే ఒక షరతు. పాటు మొదలయ్యాక మొగ నోటి దగ్గర ఎవరూ నీటిలో ఉండకూడదు. ఏటి నీరూ, వెనక్కి పోయే పోటు నీరూ కలిసి ఇరుకు దారిలో ఎంత జోరుగా బయటికి లాగుతాయో అంతర్వేదిలో చూసినవాణ్ణి చెబుతున్నాను.

మేనమామ: ఆ షరతు నేను పెట్టవలసింది, మీరే పెట్టారు. ఏటి మనిషికి మొగ సంగతి నాకన్నా బాగా తెలుసునని ఒప్పుకుంటున్నాను. ఏటి లోపలి గట్టున, వలలు లాగే వారికి అడ్డం రాకుండా, పోటు ఎక్కే రెండు మూడు గంటలు వేయనివ్వండి. తెగిన తంగూసు ముక్క ఒక్కటి కూడా ఇసుక మీద వదలకూడదు. జనవరి నుండి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మెడలకూ రెక్కలకూ అది చుట్టుకుంటుంది. అయినా తెరిచి ఉన్న తీరానికి వెళ్లేముందు ఒక రోజు గాలం లేకుండా రావాలన్న మాట మీద నేను నిలబడే ఉన్నాను. అమావాస్య నాటి పాటు చివర్లో నీరు బాగా వెనక్కి పోయినప్పుడు ఇసుక పల్లాలూ రాళ్లూ బయటపడతాయి. వాటిని ఒడ్డున ఉన్న తాటిచెట్టుకో, లైట్‌హౌస్‌కో గురి కట్టి గుర్తుపెట్టుకోవాలి. పోటు వచ్చి అన్నీ కప్పేశాక చూడడానికి ఏమీ మిగలదు.

తండ్రి: గాలం లేకుండా వాడు రాడు, నేను రమ్మననూ రమ్మనను. గాలం సంచిలోనే ఉంటుంది, పాటు చివరి గంట మాత్రం సంచి విప్పడు. ఆ గంటసేపు నేనూ మీ ఇద్దరితో పాటు ఇసుకలో నడుస్తాను. పోటు తిరగగానే మొదటి విసురు వాడిది, అది కూడా వాడి ఏడడుగుల రాడ్డుతోనే.

మేనమామ: ముప్పై గ్రాములకు మించకుండా.