మాట్లాడించమంటూ ఉపన్యాసాలా!

విదేశీ భాషను ఎలా నేర్పాలో నేర్పించే కోర్సుకు చివర్లో మూడు గంటల రాతపరీక్ష. అందులో తప్పక కనిపించే ప్రశ్న ‘సంభాషణాత్మక బోధన సూత్రాలను వివరించండి’. ఉపాధ్యాయుడు తక్కువ మాట్లాడాలి, విద్యార్థుల చేత ఎక్కువ మాట్లాడించాలి అని నాలుగు పేజీలు నింపిన ఛాత్రోపాధ్యాయుడికి, అంటే ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థికి, నిండుగా మార్కులు పడతాయి. అతడు అప్పటిదాకా ఒక్క పిల్లవాడి చేతనైనా ఆ భాషలో ఒక్క వాక్యం పలికించాడా అని అడిగే నాథుడుండడు. ఆ సూత్రాలు చెప్పిన అధ్యాపకుడేమో ఏడాది పొడవునా తానే మాట్లాడాడు, ఎదురుగా కూర్చున్నవాళ్లు రాసుకున్నారు. ఏ పద్ధతిని పనికిరానిదని తీసిపారేశారో సరిగ్గా ఆ పద్ధతిలోనే కొత్త పద్ధతిని బోధించారు. దీన్ని శిక్షణ అనడానికి మాకు నోరు రావడం లేదు.

జబ్బు పాతదే. ఉన్న కాస్త సాధననూ కోసేసే ధోరణి ఇప్పుడు దానికి తోడవుతోంది, మా ఆందోళన అందుకే. 2020లో బడులు మూతపడినప్పుడు తరగతి గదికి బదులు వీడియోలు చూసి నివేదికలు రాయమన్నారు, తోటివారి ముందు తెర మీద పాఠం చెబితే చాలన్నారు. అప్పటికి వేరే దారి లేదు. గడ్డుకాలం గడిచాక కూడా ఆ సడలింపును వదులుకోవడానికి మనసొప్పనివారు ఉన్నారు. పర్యవేక్షకులు చాలడం లేదని, బడులు తరగతులు అప్పగించడానికి జంకుతున్నాయని, భాష బాగా వచ్చినవాడికి బోధన అదే వస్తుందని వారి వాదన. మొదటి రెండూ నిజమైన ఇబ్బందులే. ఇబ్బంది ఉంటే తీర్చుకోవాలి కానీ, చేయించని పనిని చేయించినట్టు సంతకం పెడతారా?

భాష వస్తే బోధన వచ్చినట్టేనన్న మూడో వాదనకు జవాబు తరగతిలోనే దొరుకుతుంది. ఇంగ్లీషులో ‘హీ యూస్డ్ టు ప్లే క్రికెట్’ అనే వాక్యం భాష తెలిసినవాడికి చిటికెలో అర్థమవుతుంది. విద్యార్థికి అర్థమైందో లేదో తేల్చుకోవడం వేరే విద్య. ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. అడగాల్సినవి మూడు చిన్న ప్రశ్నలు: ఇదివరకు ఆడాడా? ఒక్కసారేనా, పలుమార్లా? ఇప్పుడూ ఆడుతున్నాడా? మూడోదానికి ‘అవును’ అన్నవాడికి పాఠం ఎక్కలేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. అడిగే ప్రశ్నలో కొత్త మాట రాకూడదు, జవాబు ఒకటి రెండు మాటల్లో తేలిపోవాలి. ఇలాంటి ప్రశ్నలు తయారుచేయడం కూర్చుని కసరత్తు చేస్తేనే వస్తుంది. భాషతోపాటు ఊరికే వచ్చి చేరదు.

బోధన వృత్తికి మరే వృత్తికీ లేని చిక్కు ఒకటుంది. ఇందులోకి వచ్చేవాడు బెంచీ మీద కూర్చుని ఏళ్ల తరబడి చూసిన పాఠాలన్నిటినీ మోసుకుంటూ వస్తాడు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో దీనికి ‘పరిశీలనతో సాగే శిష్యరికం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. బడి చదువు ముగిసేసరికి విద్యార్థి దాదాపు 13,000 గంటలు ఉపాధ్యాయుల ఎదుట గడుపుతాడని ఆయన లెక్క. అందులో విదేశీ భాష గంటలు చాలామందికి ఎలా గడిచాయి? పాఠం చదవడం, వాక్యం వాక్యం అనువదించడం, వ్యాకరణ సూత్రం రాయించడం. ఈ అనువాదపు చదువును 1882లోనే జర్మనీలో భాషా పండితుడు విల్‌హెల్మ్ ఫీటర్ ఎండగట్టాడు, మాట్లాడే భాషతో మొదలుపెట్టమన్నాడు. తర్వాత మాతృభాష వాడకుండా నేర్పే ప్రత్యక్ష పద్ధతి, వాక్యాలను పదేపదే పలికించే డ్రిల్లులు, 1970లలో సంభాషణాత్మక పద్ధతి, ఆ వెనకే భాషతో ఏదో ఒక పని చేయించే టాస్కులు వచ్చాయి. ప్రతిదీ సిలబస్‌లో ఒక అధ్యాయమై కూర్చుంది. తరగతిలో నలభై జతల కళ్లు తనవైపు తిరిగిన మరుక్షణం కొత్త ఉపాధ్యాయుడి నోట పలికేది మాత్రం ఆ పాత గంటలే. వాటిని ఉపన్యాసంతో కడిగేయలేం, ఎందుకంటే ప్రతి ఉపన్యాసమూ ఆ 13,000కు మరో గంట కలుపుతుంది.

జతపని, అంటే పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి మాట్లాడించడాన్నే తీసుకోండి. పద్ధతుల పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఇద్దరి చేతుల్లో వేర్వేరు సమాచారమున్న కాగితాలుంటాయి, ఒకరినొకరు అడిగి ఖాళీలు నింపుకోవాలి. కొత్త ఉపాధ్యాయురాలు ముందు కాగితాలు పంచేస్తుంది. పంచగానే అందరి చూపూ వాటి మీదకు పోతుంది, ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా చెవికెక్కదు. చెప్పేది కూడా ఐదు పనులు కలిపి ఒకే ఊపిరిలో చెబుతుంది. రెండు నిమిషాలు తిరిగేసరికి సగం జతలు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూసి రాసుకుంటుంటాయి, మిగతావి మాతృభాషలో కబుర్లాడుకుంటుంటాయి. ‘మా పిల్లలకు ఈ పద్ధతులు పనిచేయవు’ అని ఆమె ఆ రోజే తేల్చేసుకుంటుంది, మర్నాటి నుంచి అనువాదంలోకి దిగిపోతుంది.

నిజానికి ఆమె తప్పింది వరుస ఒక్కటే. కాగితాలు తన చేతిలోనే ఉంచుకోవాలి. ఒక విద్యార్థిని లేపి, తాను రెండో మనిషిగా నిలబడి, రెండు ప్రశ్నలు అందరి ముందూ నడిపి చూపించాలి. ‘నీ కాగితం పక్కవాడికి చూపించవచ్చా?’ అని అడిగి ‘కూడదు’ అనిపించాలి. ఎవరికి ఎవరు జతో చేత్తో చూపించి, గడువు నిమిషాల్లో చెప్పి, అప్పుడు పంచాలి. మొదటి నిమిషం ఎవరి దగ్గరా ఆగకుండా గదంతా ఒక చుట్టు తిరిగి, అందరూ పని మొదలుపెట్టారో లేదో చూసుకోవాలి. ఇదంతా చదవడానికి రెండు నిమిషాలు చాలు. చేతికి రావాలంటే నాలుగైదుసార్లు చెడగొట్టాలి, చెడిన చోటును పక్కనే ఉండి చూపించే మనిషి కావాలి. ఆ మనిషినే ఖర్చు కింద రాసుకుని తీసేస్తున్నారు.

జతపని ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో తేలుతుంది. 45 నిమిషాల పీరియడ్, 40 మంది పిల్లలు. ఉపాధ్యాయుడు 30 నిమిషాలు మాట్లాడి, మిగతా 15 నిమిషాల్లో ఒక్కొక్కరినీ లేపి అడిగితే తలా 22 సెకన్లు వస్తాయి. పది నిమిషాలు జతల్లో మాట్లాడిస్తే అందరికీ దగ్గర దగ్గర ఐదు నిమిషాలు దక్కుతాయి. ఈ లెక్క ప్రతి శిక్షణ సంస్థా చెబుతుంది. చెప్పే గంటలో తన ముందున్న ఛాత్రోపాధ్యాయులకు తలా ఎన్ని సెకన్లు దక్కాయో ఎప్పుడైనా లెక్కేసుకుందా?

లెక్కేసుకునే సాధనం వారి పాఠ్యపుస్తకంలోనే ఉంది. తరగతిలో ఎవరెంత మాట్లాడారో కొలవడానికి అమెరికన్ విద్యా పరిశోధకుడు నెడ్ ఫ్లాండర్స్ రూపొందించిన పరిశీలన పట్టికలో పది గడులు: ఏడు ఉపాధ్యాయుడి మాటకు, రెండు విద్యార్థి మాటకు, ఒకటి నిశ్శబ్దానికీ గందరగోళానికీ. ప్రతి మూడు సెకన్లకూ ఒక గుర్తు పెట్టుకుంటూ పోతే ఆ గంట ఎవరిదో తెలిసిపోతుంది. ఛాత్రోపాధ్యాయులు ఈ పది గడులనూ పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. ఏ తరగతిలోనూ వాటితో గుర్తులు పెట్టరు. పద్ధతుల అధ్యాపకుడి తరగతిలో అసలే పెట్టరు. ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగడం సంగతీ అంతే. అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే తరగతులను టేపు చేసి, ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వస్తున్నాయని చూపింది. అవి సైన్సు తరగతులు. పరాయి భాషలో మాటలు కూర్చుకుంటున్నవాడికి ఆ వ్యవధి ఇంకా అవసరం. శిక్షణలో ఇది రెండు మార్కుల ప్రశ్నగా మిగిలింది. మూడు సెకన్ల మౌనం బోర్డు ముందు నిలబడినవాడికి ఎంత సుదీర్ఘంగా తోస్తుందో, నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఉచ్చారణ దగ్గరకు వద్దాం. ఫ్రెంచిలో ‘నువ్వు’ అనే అర్థమిచ్చే ‘tu’ అనే మాటలోని అచ్చు మన ‘ఊ’ కాదు, ‘యు’ కూడా కాదు. మన చెవికి ఆ రెండింటిలో ఏదో ఒకటిగా వినిపిస్తుంది కనుక నోరు కూడా అటే పోతుంది. పదిసార్లు వినిపించి ‘మళ్లీ చెప్పు’ అంటే పదిసార్లూ అదే తప్పు వస్తుంది. ‘ఈ’ అని సాగదీయమని, నాలుకను కదపకుండా పెదవులను మాత్రం ‘ఊ’ అనేటప్పటిలా గుండ్రంగా చుట్టమని చెబితే, ఆ ధ్వని చాలామందికి అప్పటికప్పుడే పలుకుతుంది. ఒక అద్దం ముక్క చేతికిస్తే పెదవులు చుట్టారో లేదో వారే చూసుకుంటారు. ధ్వనుల పటాన్ని బోర్డు మీద గీయగలిగి, ఎదుటివాడి నోట్లో నాలుక ఎక్కడుందో ఊహించలేని ఉపాధ్యాయుడు ఆ పటాన్ని ఏం చేసుకుంటాడు?

తప్పులు దిద్దడం ఇంకా సున్నితం. పిల్లవాడు ‘హీ గో’ అంటే ఉపాధ్యాయుడు నవ్వుతూ ‘అవును, హీ వెంట్’ అని సరిచేసి ముందుకు పోతాడు. తనతో ఏకీభవించాడనుకుని పిల్లవాడు సంబరపడతాడు. తప్పు తప్పుగానే ఉండిపోతుంది. 1997లో కెనడాలోని ఫ్రెంచి ఇమ్మర్షన్ తరగతులను, అంటే ఇతర పాఠాలు కూడా ఫ్రెంచిలోనే చెప్పే తరగతులను, పరిశీలించిన పరిశోధకులు రాయ్ లిస్టర్, లీలా రాంటా ఉపాధ్యాయుల దిద్దుబాట్లలో 55 శాతం ఇలాంటి తిరిగి చెప్పడాలేనని, విద్యార్థి నుంచి స్పందన అతి తక్కువగా వచ్చేదీ వీటికేనని తేల్చారు. ‘హీ...’ అని ఆగి, మిగతాది వాడి చేతే చెప్పించే దిద్దుబాటు మెరుగ్గా పనిచేసింది. ఎప్పుడు ఆగాలి, మాటల ప్రవాహానికి అడ్డుపడకుండా ఎప్పుడు రాసుకుని చివర్లో చెప్పాలి అన్నది క్షణంలో తేల్చుకోవాల్సిన విషయం. వీడియో చూసి నివేదిక రాసినవాడికి ఆ క్షణం ఎదురుకాలేదు.

మైక్రో టీచింగ్ (చిన్న బృందానికి చిన్న పాఠం చెప్పించి సాధన చేయించడం) పేరుతో జరుగుతున్నది చూస్తే కడుపు రగులుతుంది. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్ బృందం దీన్ని మొదలుపెట్టినప్పుడు నలుగురైదుగురు నిజమైన విద్యార్థులు, ఐదు నిమిషాల పాఠం, ఒకే ఒక నైపుణ్యం మీద గురి. వెంటనే సమీక్ష, వెంటనే ఆ పాఠాన్నే మరో బృందానికి మళ్లీ చెప్పడం. ప్రాణమంతా ఆ ‘మళ్లీ’లోనే ఉంది. ఇప్పుడు మన ముందున్న రూపంలో పిల్లల స్థానంలో తోటి ఛాత్రోపాధ్యాయులు కూర్చుంటారు. తెలిసిన జవాబును తెలియనట్టు నటించి, అడగ్గానే తప్పులేకుండా అప్పజెబుతారు. దిద్దడానికి తప్పే రాదు. మళ్లీ చెప్పించడానికి సమయం లేదంటారు. పర్యవేక్షకుడి పుటలో ‘బాగుంది, బోర్డు పని మెరుగుపరచుకోవాలి’ అనే వాక్యం పడుతుంది. ఎన్నో నిమిషంలో ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు రాసి చేతికిస్తే, పాఠం ఎక్కడ జారిందో ఛాత్రోపాధ్యాయుడే పట్టుకుంటాడు. ఆ మాత్రం కాగితం ఖరీదైనదా?

పాఠ్యపథకాల రికార్డులనైతే పైతరగతి వాళ్ల దగ్గర తెచ్చుకుని ఎత్తిరాస్తారని అందరికీ తెలుసు. ‘విద్యార్థులు భూతకాలాన్ని అర్థం చేసుకుంటారు’ అని రాసిన లక్ష్యాన్ని ఎవరు, ఎలా తనిఖీ చేయాలి? ‘నిన్న తాము చేసిన మూడు పనులను జతలోని రెండో వ్యక్తికి చెప్పగలుగుతారు’ అని రాస్తే, పీరియడ్ చివర గది చుట్టూ తిరిగి వింటే తేలిపోతుంది. రికార్డుకు అట్ట వేశారా, మార్జిన్లు కొట్టారా అని చూసే కళ్లు ఈ తేడాను చూడవు.

ఇంగ్లీషు బోధనలో శిక్షణనిచ్చే, ప్రపంచమంతా ఎరిగిన కేంబ్రిడ్జి సెల్టా కోర్సు పొట్టిదే, 120 గంటలది. అందులోనూ నిజమైన విద్యార్థుల ముందు మదింపుతో కూడిన ఆరు గంటల బోధన, అనుభవజ్ఞుల పాఠాల పరిశీలన మరో ఆరు గంటలు తప్పనిసరి. ఆరు గంటలు చాలవని మేమంటాం. కొన్ని వారాల కోర్సుకే ఆ నియమం ఉంటే, ఏడాది రెండేళ్లు కూర్చోబెట్టే కోర్సులు దాన్ని భారమనడం ఏం నీతి?

చేయాల్సింది సంస్థలకు తెలియనిది కాదు. మొత్తం మార్కుల్లో కనీసం సగం నిజమైన తరగతిలో చెప్పిన పాఠాలకు ఉండాలి. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఒకే ఇరవై నిమిషాల పాఠాన్ని మూడు వేర్వేరు తరగతుల్లో చెప్పాలి, ప్రతిసారీ ఒక్క లోపం మీదే సమీక్ష జరగాలి. కోర్సు మొదటి వారంలో ఛాత్రోపాధ్యాయుల్లో ఎవరికీ రాని ఒక భాషను, వారి మాతృభాష వాడకుండా అరగంట నేర్పించాలి. అయోమయం, భయం, మొదటి మాట పట్టుబడినప్పటి సంతోషం వారు అనుభవించాలి. వీడియోలు ఉండొచ్చు, అయితే ఛాత్రోపాధ్యాయుడు చెప్పిన పాఠం వీడియోనే ఆపి ఆపి చూడటానికి ఉండాలి. పద్ధతులు బోధించే అధ్యాపకుడు నెలకొకసారైనా నిజమైన పిల్లలకు తానే పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ఛాత్రోపాధ్యాయులు కూర్చుని ఫ్లాండర్స్ గడుల్లో గుర్తులు పెట్టాలి, ఆ లెక్కను నోటీసు బోర్డు మీద అంటించాలి.

అందుకు సిద్ధపడని అధ్యాపకుడికి ‘విద్యార్థుల చేత మాట్లాడించండి’ అని చెప్పే హక్కు లేదు. సాధన గంటలు కోసే ఉత్తర్వు మీద సంతకం చేయబోయే అధికారి ముందు ఏదైనా బడికి వెళ్లి, నలభై మంది పిల్లల ముందు నిలబడి, వారికి రాని భాషలో పది నిమిషాలు జతపని చేయించి రావాలి. కాగితాలు ముందు పంచాడో, తర్వాత పంచాడో మేము వచ్చి చూస్తాం.