విటమిన్ సి: 40, 80, 110 – ఏది సరైన లెక్క?

మన దేశంలో పెద్దవాళ్లకు రోజుకు 40 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలని 2010 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పట్టిక చెప్పింది. 2020లో ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన పట్టికలో అది మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 అయింది. పదేళ్లలో మన శరీరాలేమీ మారిపోలేదు. బ్రిటన్‌లో ఇప్పటికీ 40. అమెరికాలో మగవాళ్లకు 90, యూరప్‌లో 110. వీటిలో ఎవరి కూడికా తప్పలేదు. తలా ఒక ప్రశ్న వేసుకున్నారు, దానికి జవాబు రాబట్టుకున్నారు. ఆ ప్రశ్నేమిటో అంకె పక్కన రాయకపోవడం వల్లే తిప్పలన్నీ.

పాత ప్రశ్న, విటమిన్ సి అందక వచ్చే జబ్బు స్కర్వీ రాకుండా ఎంత కావాలని. 1944లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, యుద్ధానికి వెళ్లబోమని నిరాకరించిన కొందరు ఈ పరీక్షకు ఒప్పుకున్నారు. విటమిన్ సి దాదాపు లేని తిండి పెట్టినవాళ్లలో నెలల తర్వాత స్కర్వీ కనిపించింది. రోజుకు 10 మి.గ్రా. అందినవాళ్లకు రాలేదు, వచ్చినవాళ్లకు అదే 10తో నయమైంది. బ్రిటన్ అట్టడుగు హద్దుగా ఈ 10నే పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దారి వేరు. ఒంట్లో నిల్వ నిండుగా ఉంటే సుమారు 1500 మి.గ్రా., 300కు దిగితే స్కర్వీ. నడుమ 900 దగ్గర నిలబెట్టాలంటే రోజూ కరిగిపోయే దాదాపు 3 శాతాన్ని పూడ్చాలి. తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి ఆ నష్టం, కొంత జాగ్రత్త కలిపితే 45.

యూరప్ 2013లో రక్తంలో విటమిన్ దాదాపు నిండుగా ఉండాలని కోరుకుంది. ఒంట్లో రోజుకు ఖర్చయ్యేది 50 మి.గ్రా. తిన్నదాంట్లో 80 శాతం ఒంటికి పడుతుంది, 25 శాతం మూత్రంలో పోతుంది. మిగిలేది 55 శాతం. 50ని 0.55తో భాగిస్తే 91 వస్తుంది, దాన్ని 90 చేశారు. ఇది సగటు అవసరం, అంటే మగవాళ్లలో సగం మందికి సరిపడేది. మిగతా సగాన్నీ కలుపుకోవడానికి 1.2తో హెచ్చించి 110 అన్నారు. మన 2020 పట్టికలో కూడా మగవాళ్ల సగటు 65, దాన్ని 1.2తో హెచ్చిస్తే 78, అంటే 80. ఆడవాళ్లకు 55 మీద 66, అంటే 65.

ఈ 1.2 ఎక్కడిది? మనిషికీ మనిషికీ అవసరంలో తేడా 10 శాతం ఉంటుందని పెట్టుకున్న అంచనా అది. అలాంటి తేడాలు రెండు కలిపితే నూటికి 97 మందికి పైగా సరిపోతుందని లెక్క. 10 శాతాన్ని ఎవరూ నేరుగా కొలిచి తేల్చలేదు.

ఆడవాళ్ల అంకె పునాది ఇంకా పలచన. అమెరికా 2000లో మగవాళ్లకిచ్చిన 90కి ఆధారం ఏడుగురు ఆరోగ్యవంతులైన యువకులు. వాళ్లను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, 30 నుంచి 2500 మి.గ్రా. దాకా ఏడు మెట్లలో మోతాదు పెంచుతూ రక్తం పరీక్షించారు. ఆడవాళ్ల అంకెను మాత్రం శరీర బరువును బట్టి దాన్నుంచి తగ్గించి తీశారు. యూరప్ కూడా బరువు లెక్కే వేసింది. ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది కాబట్టి, రక్తహీనత ఇంతగా ఉన్న మన దేశంలో ఆడవాళ్ల అవసరాన్ని వాళ్లలోనే, మెట్టుమెట్టుగా కొలిచి తేల్చాలి. ఖర్చవుతుంది, ఏళ్లు పడుతుంది. అయినా పని మొదలుపెట్టాలి.

అంకె ఎలా వచ్చిందో తెలియకపోతే సర్వేలు దారి తప్పుతాయి. ఒక ఊళ్లో మగవాళ్లంతా రోజూ సరిగ్గా 75 మి.గ్రా. తింటున్నారనుకుందాం. 80తో పోల్చితే నూటికి నూరుమందికీ లోపమే. సగటు 65, అందులో 10 శాతం తేడా 6.5 అని లెక్క కడితే నిజంగా చాలనివాళ్లు నూటికి ఆరుగురు. 80 అనేది ఒక మనిషి తన కంచం సరిచూసుకోవడానికి పనికొచ్చే అంకె. జనాభాను కొలవాల్సింది సగటు అవసరంతో. అదీ ఒక్కరోజు తిండి అడిగి కాదు. జామకాయ తిన్న రోజు ఒక తీరు, తినని రోజు మరో తీరు. కనీసం రెండు వేర్వేరు రోజులు అడిగి సర్దాలి.

వంట నష్టం ఇంకో ఉచ్చు. 2010 నాటి 40లో అసలు అవసరం 20, వంటలో సగం పోతుందని దాన్ని రెట్టింపు చేశారు. సర్వే చేసేవాళ్లు మళ్లీ వంట నష్టం తీసేస్తే ఒకే నష్టం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. అంకెలో నష్టం కలిసి ఉందో లేదో పట్టికే చెప్పాలి.

రోజుకు ఇంతకు మించొద్దని చెప్పే పైహద్దు 2000 మి.గ్రా. కథ వేరు. 3000 దగ్గర విరేచనాలు పట్టుకుంటాయని చూసి దాన్ని 1.5తో భాగించారు. 500 మి.గ్రా. బిళ్ల వేసుకునేవాళ్లు తెలుసుకోవాల్సిందొకటి: 200 దాకా చాలావరకు ఒంటికి పడుతుంది, ఆ పైన పట్టే పాలు తగ్గుతూ పోతుంది.

రోజుకింత అనే అంకెలో అసలు ఇమడనిది ఇనుము సంగతి. పప్పులో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి అదే పూట, అదే కంచంలో ఉండాలి. రాత్రి తిన్న జామకాయతో రోజు లెక్క నిండుతుంది, మధ్యాహ్నం తిన్న పప్పులోని ఇనుముకు దాంతో లాభం లేదు. పొయ్యి కట్టేశాక పప్పులో పిండిన నిమ్మకాయ ఆ పూటకు పనికొస్తుంది. వచ్చే పట్టికలో రోజు మోతాదు పక్కనే పూట మోతాదు కూడా ఉండాలి.