చక్రాల కింద ముగ్గుపిండి

మహబూబ్‌నగర్‌లో మా మనవరాలు స్కేటింగ్ నేర్చుకునే రింక్‌కు 2021 ఫిబ్రవరిలో ఒక రక్షణ సంఘం ఏర్పడింది. ఏడుగురం సభ్యులం. అందరం అరవై దాటినవాళ్ళం. చక్కెర జబ్బో, రక్తపోటో, కొందరికి రెండూనో ఉన్నాయి. కరోనా ఎవరి ప్రాణాల మీదికి ఎక్కువగా వస్తుందని వైద్యులు మొదటినుంచీ హెచ్చరిస్తున్నారో, సరిగ్గా ఆ కోవకు చెందినవాళ్ళను ఏరి కూర్చోబెట్టి, ఎనిమిదేళ్ళ పిల్లలను దాని బారినుంచి కాపాడమన్నారు. ఇంతటి త్యాగనిరతి గల సంఘం ఉమ్మడి పాలమూరు జిల్లాలో అంతకుముందు పుట్టలేదని నా నమ్మకం.

రింక్ అంటే మంచు మైదానం అనుకోకండి. నలువైపులా గాలి ఆడే సిమెంటు గచ్చు, చుట్టూ నడుమెత్తు ఇనుప కమ్మీ, మూలన ఒక రేకుల గది. అయినా మా అధ్యక్షుడు ప్రతి సమావేశంలోనూ మాడ్రిడ్ సంగతి ఎత్తేవాడు. 2020 మార్చిలో అక్కడి మంచు రింక్‌ను శవాలు భద్రపరచడానికి వాడుకున్నారు కదా, కనుక రింక్ అనే మాటను తేలికగా తీసుకోరాదని ఆయన వాదన. మన దగ్గర మంచు లేదని ఎవరో అన్నారు. అది మరింత ప్రమాదకరమని ఆయన తేల్చారు.

అధ్యక్షుడు విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి. జీవితమంతా గొలుసు పట్టి భూములు కొలిచిన మనిషికి ఆరడుగుల దూరం అనే నియమం దొరికింది. ఇక ఆగుతాడా? టేపు తెప్పించి, గచ్చు మీద ఆరడుగులకొకటి చొప్పున ముగ్గుపిండితో గుండ్రాలు గీయించాడు. ఈ విద్య మాకు కొత్త కాదు. 2020 మే 6న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు వాటి ముందు ఇలాంటి గుండ్రాలనే చూశాం. కొందరం వాటిలో నిలబడి మరీ చూశాం. (అదే నెలలో ముంబై, పుణెల నుంచి తిరిగొస్తున్న పాలమూరు కూలీలకు దారి పొడవునా ఎవరూ గుండ్రాలు గీయలేదు. అది వేరే శాఖ పరిధిలోని విషయం కాబట్టి సంఘం చర్చించలేదు.)

గుండ్రంలో నిలబడి స్కేటింగ్ ఎలా చేస్తారని మనవరాలు అడిగింది. ప్రశ్న సాంకేతికమైనది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే పిల్ల ఆరడుగులను అర సెకను లోపే దాటేస్తుంది. అంటే నియమం ఆ అర సెకను పాటు అమలులో ఉండి, తరువాత పక్క గుండ్రంలోకి బదిలీ అవుతుంది. ఇంతవరకు అధ్యక్షుడు లెక్క కట్టి పెట్టాడు. ఆయన లెక్కకు అందనిది ముగ్గుపిండి. స్కేటు చక్రాలు శుభ్రమైన గచ్చునే పట్టుకుంటాయి, పిండి పడితే జారతాయి. మొదటి సాయంత్రమే నలుగురు పడ్డారు. రిజిస్టరులో ఆ సంగతి నిజాయతీగా రాశాం: ‘నలుగురు పడినారు. ఏ ఇద్దరూ ఆరడుగులకంటే దగ్గరగా పడలేదు.’

తరువాత మాస్కు. కష్టమైన వ్యాయామం చేసేటప్పుడు మాస్కు పెట్టుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. కానీ ఆ సంస్థ ఉండేది జెనీవాలో, మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉండేది తెలంగాణలో. దగ్గరివాళ్ళ మాటే విన్నాం. పిల్లలు మాస్కును గడ్డం కిందికి లాగి, దాని మీద హెల్మెట్ పట్టీ బిగించుకున్నారు. పట్టీ ఒరుసుకోకుండా మెత్తగా ఉందన్నారు. కోచ్ మాత్రం మాస్కు సరిగానే కట్టుకునేవాడు. విజిల్ ఊదవలసి వచ్చిన ప్రతిసారీ దాన్ని కిందికి దించి, గుండెల నిండా గాలి పీల్చి, ముప్పైమంది మీదికి ఊది, మళ్ళీ పైకి లాగేవాడు. విజిల్ బదులు పళ్ళెం, గరిటె వాడాలని నేను ప్రతిపాదించాను. 2020 మార్చి 22 సాయంత్రం ఊరంతా సాధన చేసిన వాద్యమే కదా. పళ్ళెం ఎవరింటినుంచి తేవాలన్న దగ్గర చర్చ ఆగిపోయింది.

గేటు దగ్గర జ్వరం చూసే తుపాకీ ఉండేది. అది చాలా నిష్పక్షపాతమైన యంత్రం. ఎండలో వరుస కట్టి నిలబడిన ఆరోగ్యవంతులకు జ్వరం చూపించి వెనక్కు పంపేది. ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని వచ్చిన వాడి నుదురు చల్లగా ఉందని లోపలికి పంపేది. సోకినా ఏ లక్షణమూ కనిపించని పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళ విషయంలో దానికి ఏ అభిప్రాయమూ లేదు. గేటు బయట పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూస్తూ గుంపుగా నిలబడేవారు. వాళ్ళు స్కేటర్లు కారు కనుక నియమావళి వాళ్ళకు వర్తించదు.

చక్రాల మీద హైపోక్లోరైట్ ద్రావణం చల్లించాం. వారంలో బేరింగులు తుప్పుపట్టి చాలా చక్రాలు తిరగడం మానేశాయి. కదలని పిల్ల వైరస్‌ను మోసుకుపోలేదు. ఈ పద్ధతి నూటికి నూరుపాళ్ళు పనిచేసిందని ఒప్పుకోక తప్పదు.

అన్నట్టు, స్కేటింగ్‌లో పిల్లలు ఎక్కువగా విరగ్గొట్టుకునేది మణికట్టు. పడబోయే మనిషి చెయ్యి ఆనిస్తాడు, బరువంతా దాని మీదే పడుతుంది. అందుకే మణికట్టుకు గట్టి పలక ఉన్న గార్డులు ఉంటాయి. ముప్పైమందిలో అవి ఉన్నవాళ్ళు ఆరుగురు. కర్పూరం, వాము కట్టిన మూట మెడలో వేలాడనివాళ్ళు ఒక్కరూ లేరు. సంఘం మూటలను లెక్కపెట్టింది. గార్డుల ప్రస్తావన తెచ్చినప్పుడు, అది కరోనాకు సంబంధించిన అంశం కాదని అధ్యక్షుడు తోసిపుచ్చాడు.

ఇంతలో ఒక పిల్ల పడింది. మా మనవరాలు చెయ్యి చాచింది, చాచి ఆగిపోయింది. ఒకరినొకరు తాకరాదని గోడ మీద రాసి ఉంది. ‘తాతా, లేపవచ్చా?’ అని అరిచింది. అత్యవసర సమావేశం కోసం ఏడుగురం రేకుల గదిలోకి వెళ్ళాం. మేం చర్చిస్తుండగానే ఆ పిల్ల మోకాళ్ళ మీదికి తిరిగి, ఒక పాదం ఆనించి, తొడ మీద చెయ్యి పెట్టుకుని తనంతట తానే లేచిందట. కోచ్ మొదటి రోజే నేర్పిన పద్ధతి. మాకు తరువాత తెలిసింది. ఆరుబయట గాలిలో పిల్లలు తిరుగుతుంటే, వాళ్ళ భద్రత గురించి గంటంపావు సేపు మాట్లాడాం. గుండ్రాల పటం గాలికి ఎగిరిపోతోందని కిటికీ మూయించాం.

మా ఊరికి తలుపులు మూయడం అలవాటే. కొమ్మ విరిగిపడ్డాక 2017 డిసెంబరులోనే పిల్లలమర్రి చూడటానికి ఎవరినీ రానివ్వకుండా ఆపేశారు. చెదలు పట్టిన మానుకు ఆ మరుసటి ఏడాది సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. పేరులోనే పిల్లలున్న చెట్టు, పిల్లలు లేకుండా డ్రిప్పు మీద బతికింది. 2021 మార్చి 24 నుంచి బడులు మళ్ళీ మూశారు. రింక్‌కూ తాళం పడింది.

ఏప్రిల్‌లో సంఘానికి కోరం తప్పింది. ఏడుగురిలో అయిదుగురం పాజిటివ్. పిల్లల్లో ఒక్కరికీ దగ్గయినా రాలేదు. నేను వెనక గదిలో పద్నాలుగు రోజులు ఉన్నాను. మనవరాలు మోకాళ్ళకు ప్యాడ్లు, తలకు హెల్మెట్ పెట్టుకుని వసారాలో జారుకుంటూ వచ్చేది. గడప దగ్గర జావ గిన్నె దించి, అధ్యక్షుడి దగ్గర అరువు తెచ్చిన టేపు పరిచి, ఆరడుగులు వెనక్కు జరిగేది. మొదటి రోజే నా మంచం చుట్టూ సుద్దతో ఒక గుండ్రం గీసి వెళ్ళింది. ముగ్గుపిండి వద్దంది.

‘తాతా, గీత దాటకు,’ అని రోజూ చెప్పేది. ‘జారి పడితే లేపడానికి ఎవరూ రాకూడదు. మీరే రాశారు.’